నౌకకు ఏ కన్ను పెట్టాలి: ఇన్‌ఫ్రారెడ్, పగటి కెమెరా, చుట్టుచూపు సెన్సార్ల పోలిక

బ్రోషర్‌లో "25 కిలోమీటర్ల దూరం నుంచి పసిగడుతుంది" అని రాసి ఉంటుంది. దేన్ని పసిగడుతుంది? చమురు ట్యాంకర్‌నా, రబ్బరు పడవనా? గాలి ఎంత తేమగా ఉన్న రోజున? ఈ రెండు సంగతులు చెప్పని అంకెను పక్కన పెట్టేయవచ్చు. నౌక మీద ఆప్టికల్ సెన్సార్‌ను ఎంచుకునేవాళ్లు ముందుగా తేల్చుకోవాల్సింది, ముప్పు కంటపడ్డాక చేతిలో ఎన్ని సెకన్లు మిగులుతాయన్నది. మిగతా ఎంపికలన్నీ దాని వెనకే వస్తాయి.

ముందు సెకన్ల లెక్క

ఎంత ఖరీదైన కెమెరా అయినా భూమి వంపును దాటి చూడలేదు. సెన్సార్ ఎత్తునూ లక్ష్యం ఎత్తునూ మీటర్లలో తీసుకుని, రెండింటి వర్గమూలాలను కూడి 3.57తో గుణిస్తే, చూపు ఆనే దూరం కిలోమీటర్లలో వస్తుంది. మాస్ట్ మీద 20 మీటర్ల ఎత్తున సెన్సార్ ఉంది, నీటికి 3 మీటర్ల పైన క్షిపణి వస్తోంది అనుకుందాం. 4.47, 1.73 కలిపితే 6.2. అంటే సుమారు 22 కి.మీ. సెకనుకు 280 మీటర్ల వేగంతో వచ్చే సబ్‌సోనిక్ క్షిపణికి అది 79 సెకన్ల ప్రయాణం. సెకనుకు 850 మీటర్లు దూసుకొచ్చే సూపర్‌సోనిక్ క్షిపణికి 26 సెకన్లే. అదే సెన్సార్‌ను వైరింగ్ సులువని బ్రిడ్జి పైకప్పు మీద 12 మీటర్ల ఎత్తులో బిగిస్తే దూరం 18.5 కి.మీ.కు పడిపోతుంది, సమయం 66, 22 సెకన్లకు తగ్గుతుంది. డిటెక్టర్ మార్చి సంపాదించలేని 4 సెకన్లు ఎనిమిది మీటర్ల ఎత్తు ఇస్తుందన్నమాట.

ఇది కూడా సరళమైన లెక్కే. గాలి కన్నా నీరు వెచ్చగా ఉన్న రోజున నీటిమీద కాంతి పైకి వంగి, దిగంతం దగ్గరికి జరుగుతుంది. ఒకే పడవ కింద తలకిందుల బొమ్మతో రెండుగా కనిపిస్తుంది. లక్ష్యాన్ని వెంటాడే ట్రాకర్ ఆ రెండింటి మధ్య ఊగుతుంటే సాఫ్ట్‌వేర్‌ను తిట్టేముందు నీటి ఉష్ణోగ్రత చూడాలి.

పడవల లెక్క వేరు. 2000 అక్టోబరు 12న యెమెన్‌లోని ఏడెన్ రేవులో అమెరికా యుద్ధనౌక యూఎస్‌ఎస్ కోల్ మీద దాడి చేసిన చిన్న పడవ పట్టపగలే వచ్చి నౌక పక్కన చేరింది. 17 మంది నావికులు చనిపోయారు. అక్కడ పడవ కంటపడకపోవడం సమస్య కాదు, అది ఎవరిదో, ఎందుకు వస్తోందో తేలకపోవడమే సమస్య. 1987 మే 17న యూఎస్‌ఎస్ స్టార్క్ మీదికి వచ్చిన రెండు ఎగ్జోసెట్ క్షిపణుల సంగతి దీనికి తిరగేసినట్టు ఉంటుంది. ముందు చూసింది కాపలా నావికుడి కళ్లు. అప్పటికి కొన్ని సెకన్లే మిగిలాయి. మొదటిదానికి వివరంగా చూసే కన్ను కావాలి, రెండోదానికి రెప్పవేయని కన్ను కావాలి. ఒకే పరికరం ఈ రెండు పనులూ బాగా చేయలేదు. ఎంపికలో గందరగోళమంతా ఇక్కడి నుంచే పుడుతుంది.

మిడ్‌వేవ్‌నా, లాంగ్‌వేవ్‌నా?

గాలిలో వేడి కిరణాలు పారే కిటికీలు రెండు: 3 నుంచి 5 మైక్రాన్లు (మిడ్‌వేవ్), 8 నుంచి 12 మైక్రాన్లు (లాంగ్‌వేవ్). మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు. మిడ్‌వేవ్ వేడి వస్తువులకు, లాంగ్‌వేవ్ మామూలు ఉష్ణోగ్రత వస్తువులకు అనే మాట పాక్షికంగానే నిజం. లెక్క వేసి చూద్దాం. గాలి 27 డిగ్రీల సెల్సియస్ ఉన్నప్పుడు ధ్వనికి రెండున్నర రెట్ల వేగంతో వచ్చే క్షిపణి ముక్కు గాలి రాపిడికి 350 డిగ్రీలు దాటి వేడెక్కుతుంది. దాని వెలుగు శిఖరం 4.5 మైక్రాన్ల దగ్గర, అంటే మిడ్‌వేవ్ నడిబొడ్డున ఉంటుంది. పిక్సెల్‌లో పదో వంతు కూడా నిండకపోయినా చుక్కలా వెలుగుతుంది. ధ్వనిలో 0.8 వంతు వేగంతో వచ్చే క్షిపణి ముక్కు మాత్రం చుట్టూ గాలి కన్నా 30–35 డిగ్రీలే వెచ్చగా ఉంటుంది. శిఖరం 8.7 మైక్రాన్లకు జరుగుతుంది. ఎదురుగా వస్తున్నప్పుడు ఇంజిన్ మంట వెనక దాగుతుంది కాబట్టి దాన్ని నమ్ముకోలేం.

అలాగైతే సబ్‌సోనిక్ ముప్పుకు లాంగ్‌వేవ్ మేలనిపిస్తుంది. తేమ అడ్డొస్తుంది. గాలి 30 డిగ్రీలు, తేమ 80 శాతం ఉంటే ఘనమీటరు గాలిలో 24 గ్రాముల ఆవిరి ఉంటుంది. 10 డిగ్రీల చలిలో అదే 80 శాతానికి ఏడున్నర గ్రాములే. లాంగ్‌వేవ్ కిటికీని ఆవిరి మసకబార్చే తీరు ఆవిరి పెరిగేకొద్దీ వేగంగా ముదురుతుంది. మిడ్‌వేవ్‌కు అంత దెబ్బ తగలదు. ఉష్ణమండల సముద్రాల్లో 10 కి.మీ. దాటి చూడాలంటే మిడ్‌వేవ్, చల్లని పొడి సముద్రాల్లో అయితే లాంగ్‌వేవ్ కూడా గట్టి పోటీదారే.

మిడ్‌వేవ్‌కు పగటిపూట ఒక తలనొప్పి ఉంది: నీటిమీద సూర్యుడి తళుకు. పొద్దు వాలే వేళ ఆ దిక్కున అలల మీద వేల చుక్కలు మెరుస్తుంటాయి, వాటిలో క్షిపణి చుక్క ఏదో తేలదు. లాంగ్‌వేవ్‌లో ఈ తళుకు చాలా తక్కువ. పొగలోంచి చూడాల్సి వస్తే కూడా లాంగ్‌వేవ్‌దే పైచేయి. అందుకే థేల్స్ వారి సిరియస్ లాంటి పెద్ద నౌకల గాలింపు సెన్సార్లు రెండు కిటికీలనూ కలిపి వాడతాయి. ఒకదానిలో మెరిసి రెండోదానిలో లేనిది చాలాసార్లు తళుకే. బడ్జెట్ ఆనితే రెండు బ్యాండ్‌లూ తీసుకోండి. ఆనకపోతే వెచ్చని సముద్రానికి మిడ్‌వేవ్ తీసుకుని, తళుకు దిక్కును రాడార్‌కు అప్పగించండి.

థర్మల్ కెమెరా పొగమంచులోంచి చూస్తుందని అమ్మేవాళ్లు చెబుతారు. పలుచని పొడి మసకలోంచి చూస్తుంది, నిజమే. సముద్రపు పొగమంచు బిందువులు చాలావరకు ఈ తరంగాల పొడవంతో, అంతకన్నా పెద్దగానో ఉంటాయి. దట్టమైన పొగమంచులో కంటికి 300 మీటర్లు కనిపిస్తే థర్మల్‌కూ దాదాపు అంతే.

చల్లబరచిన డిటెక్టర్ అవసరమా?

మైక్రోబోలోమీటర్ అనే చల్లబరచని డిటెక్టర్ చవక, తేలిక, స్విచ్ వేయగానే బొమ్మ వస్తుంది. చల్లబరిచే ఇండియం యాంటిమొనైడ్ డిటెక్టర్‌ను 77 కెల్విన్ దాకా దించాలి. దానికి స్టిర్లింగ్ కూలర్, ఐదు నుంచి ఎనిమిది నిమిషాల నిరీక్షణ, కొన్నేళ్లకోసారి కూలర్ మార్పిడి. అలాంటప్పుడు చల్లబరిచేది ఎందుకు?

జవాబు లెన్స్‌లో ఉంది. మైక్రోబోలోమీటర్‌కు వెలుగు దండిగా కావాలి, కాబట్టి ఎఫ్/1 నుంచి ఎఫ్/1.4 లెన్స్ తప్పదు (ఫోకల్ లెంగ్త్‌ను లెన్స్ వ్యాసంతో భాగిస్తే వచ్చేదే ఎఫ్ పక్కనున్న అంకె). చల్లబరిచినది ఎఫ్/4తోనే హాయిగా పనిచేస్తుంది. 300 మి.మీ. ఫోకల్ లెంగ్త్ కావాలంటే ఎఫ్/4కు 75 మి.మీ. వ్యాసం చాలు. ఎఫ్/1.2కు 250 మి.మీ. వ్యాసమున్న జెర్మేనియం ముక్క కావాలి. దాని ధర, బరువు, దాన్ని మోస్తూ ఊపులో నిలకడగా ఉంచే గింబల్ అన్నీ కలిపితే మిగిలిందనుకున్న డబ్బు అక్కడే పోతుంది. అందుకే చల్లబరచని కెమెరాలు సాధారణంగా 100 మి.మీ. దగ్గర ఆగిపోతాయి.

దూరాల్లో తేడా చూడండి. 15 మైక్రాన్ల పిక్సెల్‌తో 300 మి.మీ. లెన్స్ అంటే ఒక్కో పిక్సెల్ చూసే కోణం 50 మైక్రోరేడియన్లు (ఒక మైక్రోరేడియన్ అంటే కిలోమీటరు దూరంలో ఒక మిల్లీమీటరు). 12 మైక్రాన్లతో 100 మి.మీ. అంటే 120. కెమెరా చూపును అంచనా వేసే జాన్సన్ ప్రమాణం ప్రకారం ఏదో ఉందని తెలియడానికి లక్ష్యం మీద 2 పిక్సెల్‌లు, ఏ రకమో తెలియడానికి 8, ఏదో కచ్చితంగా చెప్పడానికి 13 కావాలి. 2.3 మీటర్ల లక్ష్యం రకాన్ని మొదటి కెమెరా 5.7 కి.మీ. దగ్గర, రెండోది 2.4 కి.మీ. దగ్గర చెబుతుంది. కచ్చితంగా ఏదో చెప్పడానికి 3.5 కి.మీ., 1.5 కి.మీ. లోపలికి రావాలి. గుర్తుంచుకోండి, ఈ పిక్సెల్ లెక్కలు 50 శాతం అవకాశానికి కట్టినవి, గాలి మసకను లెక్కలోకి తీసుకోనివి. ఆపరేటర్ పది సార్లలో తొమ్మిది సార్లు సరిగ్గా చెప్పాలంటే దూరం ఇంకా తగ్గించుకోవాలి.

కూలర్ ఆయుష్షును చాలామంది ఆలస్యంగా చూస్తారు. రోటరీ కూలర్‌కు 10,000 గంటలు అని రాసి ఉంటే, రాత్రింబవళ్లు ఆన్‌లో ఉంచే నౌకలో అది 14 నెలలు కూడా రాదు. రోజూ రేయింబవళ్లు నడవాల్సిన సెన్సార్‌కు లీనియర్ కూలర్ గానీ, 120–150 కెల్విన్ దగ్గరే పనిచేసే కొత్త తరం డిటెక్టర్ గానీ అడగాలి. కూలర్ మార్చాలంటే తల మొత్తం ఫ్యాక్టరీకి పంపాలా, నౌక మీదే మార్చవచ్చా అన్నది కూడా ఒప్పందంలోనే రాయించుకోవాలి. కూలర్ చావు ఒక్కసారిగా రాదు. చల్లబడే సమయం ఐదు నిమిషాల నుంచి ఏడు, ఏడు నుంచి పదికి పాకుతుంది. ఆ సమయాన్ని ప్రతిసారీ లాగ్‌బుక్‌లో రాసే అలవాటుంటే రెండు నెలల ముందే తెలుస్తుంది.

చల్లబరచని కెమెరాలో మరో చిక్కు: బొమ్మ సమతూకం కోసం మధ్యమధ్యలో షట్టర్ మూసుకుంటుంది, ఆ కాసేపు చిత్రం గడ్డకడుతుంది. పడవ 40 నాట్ల వేగంతో వస్తుంటే ఆ ఒక్క సెకనులో 20 మీటర్లు జరుగుతుంది, ట్రాకర్ పట్టు జారుతుంది. ఆపరేటర్ చేతిలో షట్టర్‌ను ఆపే బటన్ ఉండి తీరాలి.

పగటి కెమెరా, షార్ట్‌వేవ్

రంగుల పగటి కెమెరాను చిన్నచూపు చూడకండి. జెండా రంగు, నౌక పేరు, పడవలో మనిషి చేతిలో వలా ఆయుధమా అన్నది థర్మల్ చెప్పదు. ఏ ప్యాకేజీ అయినా మంచి జూమ్ ఉన్న పగటి కెమెరా లేకుండా తీసుకోవద్దు.

0.9 నుంచి 1.7 మైక్రాన్ల షార్ట్‌వేవ్ కెమెరా వేడిని కాదు, తిరిగి వచ్చే వెలుగునే చూస్తుంది. కాబట్టి రాసిన అక్షరాలు చదవగలదు, పలుచని మసకను పగటి కెమెరా కన్నా మెరుగ్గా దాటుతుంది. 1.06 మైక్రాన్ల, 1.5 మైక్రాన్ల లేజర్ చుక్కలను నేరుగా చూపిస్తుంది. ఇది మూడో కెమెరాగా కొనదగ్గది. మొదటి రెండూ లేకుండా దీన్ని కొనడం తొందరపాటు.

తిరిగే తల, కదలని కళ్లు, గురిపెట్టే డైరెక్టర్

గాలింపుకు రెండు దారులు. ఒకటి తిరిగే తల: ఒకే డిటెక్టర్ సెకనుకు ఒక చుట్టు తిరిగి 360 డిగ్రీలూ చూస్తుంది. రెండోది కదలని కెమెరాల వలయం: ఒక్కోటి ఒక దిక్కును కన్నార్పకుండా చూస్తుంది. అమెరికా నౌకాదళం 2022లో ఎల్3హారిస్‌కు ఇచ్చిన స్పియర్ కాంట్రాక్టు ఈ రెండో పద్ధతికి చెందినదే.

తిరిగే తలతో ట్రాక్ ఖాయం కావడానికి కనీసం మూడు నాలుగు చుట్లు కావాలి. సెకనుకు ఒక చుట్టు చొప్పున 3–4 సెకన్లలో సూపర్‌సోనిక్ క్షిపణి రెండున్నర నుంచి మూడున్నర కిలోమీటర్లు ముందుకు వచ్చేస్తుంది. పైన చెప్పిన 26 సెకన్లలో ఇది చిన్న వాటా కాదు. తుపాకి మూతి మెరుపు, రాకెట్ వదిలిన క్షణపు వెలుగు తల అవతలి దిక్కున ఉన్నప్పుడు జరిగితే అసలు కనిపించవు. కదలని కెమెరా వీటిని వెంటనే పట్టేస్తుంది.

అలాగని వలయం అన్నిటికీ మందు కాదు. చుట్టూ 6,283 మిల్లీరేడియన్లు. పిక్సెల్‌కు 0.2 మిల్లీరేడియన్ కావాలంటే 31,416 నిలువు వరసలు, అంటే 1,920 వరసల కెమెరాలు 17. పిక్సెల్‌ను 0.5కు వదులు చేస్తే 7 చాలు, కానీ 40 సెంటీమీటర్ల డ్రోన్ 800 మీటర్ల దగ్గర గానీ ఒక్క పిక్సెల్‌ను నింపదు. బ్యాటరీతో నడిచే చిన్న డ్రోన్‌కు వేడి కూడా అంతంతమాత్రమే. వలయం అమ్మేవాళ్లు 360 డిగ్రీలని చెబుతారు, పిక్సెల్‌కు ఎంత కోణమో అడిగితే గానీ చెప్పరు.

ఇద్దరిలో ఎవరు గెలుస్తారంటే: ప్రధాన భయం దూరం నుంచి వచ్చే క్షిపణి అయితే ఎత్తున పెట్టిన తిరిగే తల, దగ్గరి పడవలూ డ్రోన్లూ తుపాకి కాల్పులూ అయితే కదలని వలయం.

మూడోది డైరెక్టర్. సన్నని చూపు, గింబల్, లేజర్ రేంజ్‌ఫైండర్ ఉన్న తల ఇది. తనంతట తాను గాలించదు. రాడార్ గానీ వలయం గానీ చూపించిన దిక్కుకు తిరిగి, చూసి, తేల్చి, తుపాకికి గురి ఇస్తుంది. 640 పిక్సెల్‌లు, ఒక్కోటి 50 మైక్రోరేడియన్లు అంటే చూపు వెడల్పు 1.8 డిగ్రీలే. దీన్ని ఒంటరిగా పెట్టి గాలించమనడం గొట్టంలోంచి చూస్తూ వాకిలి కాపలా కాయడమే. దగ్గరికొచ్చిన ముప్పును కాల్చే ఫాలాంక్స్ నౌకా తుపాకికి బ్లాక్ 1బీ రకంలో ఇన్‌ఫ్రారెడ్ కెమెరా చేర్చింది పడవలనూ నెమ్మదిగా వచ్చే విమానాలనూ పట్టుకునేందుకే. ఆ కెమెరా తుపాకిని నమ్ముకుని పనిచేస్తుంది, నౌక మొత్తాన్ని కాయదు.

లేజర్ విషయంలో 1.06 మైక్రాన్లది కంటికి ప్రమాదం. రేవులో, మిత్రనౌకల మధ్య సాధన చేయలేరు. 1.5 మైక్రాన్ల పైన ఉన్న కంటికి క్షేమమైన రకం తీసుకోండి. ఇన్‌ఫ్రారెడ్ గాలింపు తనంతట దూరం చెప్పదు, లేజర్ చెబుతుంది. కాకపోతే లేజర్ వేసిన క్షణం మీరు ఎక్కడున్నారో అవతలి హెచ్చరిక సెన్సార్‌కూ తెలుస్తుంది.

ఊపు, ఉప్పు, పొగగొట్టం

నౌక 10 సెకన్ల లయలో అటూ ఇటూ 15 డిగ్రీలు ఒరుగుతుంటే మధ్యలో వేగం సెకనుకు 9.4 డిగ్రీలు. 10 మిల్లీసెకన్ల ఎక్స్‌పోజర్‌లో బొమ్మ 1,640 మైక్రోరేడియన్లు జారుతుంది, అంటే 50 మైక్రోరేడియన్ల పిక్సెల్‌లు 33. గింబల్ మిగిల్చే వణుకు సగం పిక్సెల్, అంటే 25 మైక్రోరేడియన్ల లోపు ఉండాలి. ఖరీదైన డిటెక్టర్‌ను చవక గింబల్ మీద బిగించడం తరచుగా కనిపించే పొరపాటు. రేవులో బొమ్మ అద్దంలా ఉంటుంది, నాలుగో స్థాయి అలల్లో పడవ మరకలా మారుతుంది. స్థిరీకరణ లేని వలయానికి ఇంకో షరతు: నిలువు చూపు కనీసం నౌక ఒరిగే కోణానికి రెట్టింపు ఉండాలి. లేకపోతే ప్రతి ఊపులో దిగంతం చట్రం దాటిపోతుంది.

బయటి అద్దం ఏ పదార్థమో అడగాలి. నీలమణి గట్టిది, మిడ్‌వేవ్‌ను పోనిస్తుంది, లాంగ్‌వేవ్‌ను ఆపేస్తుంది. జెర్మేనియం రెండింటినీ పోనిస్తుంది, కంటి వెలుగును ఆపేస్తుంది, దాని మీద గట్టి కార్బన్ పూత లేకపోతే ఉప్పునీటి తుంపర పైపొరను పాడుచేస్తుంది. జింక్ సల్ఫైడ్ అన్నిటినీ పోనిస్తుంది కానీ మెత్తనిది. శుభ్రం చేసే తీరు ఇదీ: ముందు మంచినీళ్లు ధారగా పోసి ఉప్పు కరిగేదాకా ఆగాలి, ఆ తర్వాతే మెత్తటి గుడ్డ. ఎండిన ఉప్పు మీద వైపర్ వేస్తే గరుకు కాగితంతో తోమినట్టే. ఒక సీజన్ తిరిగేసరికి వైపర్ తిరిగిన చోట అర్ధవలయపు గీతలు పడతాయి, బొమ్మ తెల్లగా మసకేస్తుంది. లోపల నైట్రోజన్ ఒత్తిడిని నెలకోసారి చూడాలి. తగ్గితే లోపలే తేమ పడుతుంది, దాన్ని బయటి నుంచి ఎంత తుడిచినా పోదు.

పొగగొట్టం వెనక దిక్కున మిడ్‌వేవ్ గుడ్డిదవుతుంది, ఎందుకంటే వేడి కార్బన్ డయాక్సైడ్ 4.3 మైక్రాన్ల దగ్గర బలంగా వెలుగుతుంది. డైరెక్టర్లు రెండు తీసుకుని ముందు ఒకటి వెనక ఒకటి, లేదా ఎడమ కుడి అమర్చితే మాస్ట్, పొగగొట్టాల నీడ ఒకదానిది మరొకటి పూడుస్తుంది. బడ్జెట్‌లో ఒకటే సరిపోతుందని ఒప్పించేవాళ్లకు నౌక పైచూపు బొమ్మ మీద కంటపడని కోణాలను గీసి చూపించండి.

ఏ నౌకకు ఏ కూర్పు?

తీరం దగ్గర తిరిగే గస్తీ నౌకకు మిడ్‌వేవ్ చల్లబరిచిన డైరెక్టర్ ఒకటి, పగటి కెమెరా, కంటికి క్షేమమైన లేజర్, చుట్టూ ఏడెనిమిది చల్లబరచని కెమెరాలు. క్షిపణి ముప్పున్న ఫ్రిగేట్‌కు ఎత్తైన మాస్ట్ మీద రెండు బ్యాండ్‌ల తిరిగే తల, రెండు డైరెక్టర్లు. రేవులో ఉన్నప్పుడు ఆ తల పెద్దగా పనికిరాదు, వలయం విడిగా కావాల్సిందే. సరకు, ఇంధనం మోసే సహాయక నౌకలకు వలయంతోనే మొదలుపెట్టి, డబ్బు దొరికాక డైరెక్టర్ చేర్చవచ్చు. తిరగేసి చేయవద్దు: దిక్కు చూపేవాళ్లు లేని డైరెక్టర్ చాలాసేపు ఖాళీ సముద్రాన్నే చూస్తుంది.

ఒప్పుకునే ముందు చేయించాల్సిన పరీక్షలు

అమెరికా సైనిక ప్రమాణాల ప్రకారం షాక్‌కు మిల్-డీటీఎల్-901, కంపనానికి మిల్-స్టాండర్డ్-167, విద్యుదయస్కాంత అలజడికి మిల్-స్టాండర్డ్-461 పత్రాలు ఎలాగూ వస్తాయి. అవి ఉన్నాయంటే పరికరం బతుకుతుందని అర్థం, బాగా చూస్తుందని కాదు. చూపును సముద్రంలోనే తేల్చాలి.

ఒక చిన్న పడవను 12 కి.మీ. నుంచి సూటిగా నౌక వైపు రప్పించండి. ఆపరేటర్‌కు అది ఏదో ముందు చెప్పవద్దు. మధ్యాహ్నం, అర్ధరాత్రి, తెల్లవారుజామున మూడుసార్లు చేయించండి. తెల్లవారుజాము, సంధ్య వేళల్లో పడవ, నీరు ఒకే ఉష్ణోగ్రతకు వచ్చి, మధ్యాహ్నం స్పష్టంగా ఉన్న పడవ కాసేపు కరిగిపోవచ్చు. పడవ సూర్యుడి తళుకు దిక్కు నుంచి వచ్చేలా ఒక పరుగు తప్పకుండా పెట్టించండి. అమ్మకందారు ఇష్టపడని పరుగు సాధారణంగా అదే.

లంగరు వేసి 24 గంటలు గాలింపును వదిలేసి దొంగ అలారాలు లెక్కపెట్టండి: పక్షులు, మేఘాల అంచులు, సొంత పొగ, తళుకు వేర్వేరుగా. గంటకు పది వస్తే వారం తిరిగేసరికి ఆపరేటర్ అలారం శబ్దాన్ని తగ్గించేస్తాడు, ఆ తర్వాత సెన్సార్ ఉన్నా లేనట్టే.

చివరగా గురి పరీక్ష. 1 మిల్లీరేడియన్ తప్పు 10 కి.మీ. దగ్గర 10 మీటర్లవుతుంది. రాత్రి ప్రకాశవంతమైన నక్షత్రాన్ని పగటి కెమెరాతో పట్టి, నౌక దిక్సూచి లెక్క ఇచ్చే దిశతో పోల్చండి. తర్వాత థర్మల్ అక్షం పగటి కెమెరా అక్షంతో కలుస్తోందో దూరపు లైట్‌హౌస్ మీద చూడండి. ఇదే కొలతను మధ్యాహ్నం ఎండలో మళ్లీ తీయండి. ఒక పక్క ఎండకు కాగిన మాస్ట్ వంగుతుంది, రాత్రి సరిపోయిన గురి పగలు జారుతుంది. ఆ జారుడు ఎంతో రెండు రుతువుల్లో కొలిచి సాఫ్ట్‌వేర్‌లో సవరణగా పెట్టించేదాకా చివరి వాయిదా డబ్బు ఆపి ఉంచండి.